ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్: మా తిరుపతి, చిత్తూరు పిల్లలకి ఏది మంచిది

ముందే చెప్పేస్తా. బైపీసీ చదివుండి, కన్వీనర్ కోటాలో సీటు వచ్చే ర్యాంకు ఉంటే కళ్ళు మూసుకొని బీఎస్సీ నర్సింగ్ తీసుకోండి, వేరే ఆలోచన అక్కర్లేదు. ఇదంతా నేను రాస్తా ఉండేది ఆ ర్యాంకు రాని వాళ్ళకి, ఇంటర్ లో బైపీసీ లేని వాళ్ళకి, జీఎన్ఎం (మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమా) అయిపోయి ఏదో ఒక నర్సింగ్ హోమ్ లో నైట్ డ్యూటీలు చేసుకుంటా తర్వాత ఏందో అర్థం కాకుండా ఉండే వాళ్ళకి, అన్నిటికంటే ముఖ్యంగా "బెంగళూరులో ఒకాయన సీటు ఇప్పిస్తా అంటా ఉండాడు సిస్టర్, అడ్వాన్స్ కట్టేయమంటారా" అని ఫోన్ చేసే అమ్మానాయనలకి. నేను తిరుపతిలో స్టాఫ్ నర్సుని, చుట్టాలు తెలిసినోళ్ళు ఇంటర్ రిజల్ట్స్ రాగానే నన్నే అడగతారు, చెప్పిందే చెప్పి చెప్పి ఇంక ఒకసారి రాసి పెట్టేద్దాం అనిపించింది.

ఏఎన్ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్) గురించి తొందరగా చెప్పేస్తా. రెండేళ్ళ కోర్సు, ఆడపిల్లలకి మాత్రమే, ఇంటర్ ఏ గ్రూపైనా పర్లేదు. ఇది చదివితే వచ్చేది సబ్ సెంటర్, సచివాలయం, పీహెచ్‌సీ లాంటి చోట్ల ఉద్యోగం, అంటే టీకాలు, గర్భిణుల చెకప్పులు, ఇంటింటికీ తిరిగే పని. 2019 లో సచివాలయాలు పెట్టినప్పుడు ఏఎన్ఎంలని చాలామందిని తీసుకున్నారు కదా, అది చూసి తర్వాత చాలామంది చేరిపోయారు, కానీ అట్లాంటి నోటిఫికేషన్ ఏటా రాదు. పెళ్ళయి సొంతూర్లోనే ఉండాలి, హాస్పిటల్ షిఫ్టులు నాకు కుదరవు అనుకునే వాళ్ళకి ఓకే. హాస్పిటల్లో స్టాఫ్ నర్సు కావాలనుకుంటే మాత్రం ఏఎన్ఎం దారి కాదు. ఏఎన్ఎం చేసిన అమ్మాయిల్ని ప్రైవేట్ నర్సింగ్ హోముల్లో స్టాఫ్ నర్సు పనంతా చేయించుకొని జీతం మాత్రం ఏఎన్ఎంవే కదా అంటారు, ఇది ఊరూరా జరిగేదే.

ఇంక అసలు సంగతి, జీఎన్ఎమ్మా బీఎస్సీనా.

జీఎన్ఎం మూడేళ్ళు. ఇంతకు ముందు మూడున్నరేళ్ళు ఉండేది, తర్వాత తగ్గించారు. ఇంటర్ లో ఏ గ్రూపైనా తీసుకుంటారు, 40 శాతం మార్కులు ఉండాలి, బైపీసీ వాళ్ళకి ముందు ప్రాధాన్యం. ఎంట్రన్స్ లేదు, ఇంటర్ మార్కుల మీదే. బీఎస్సీ నాలుగేళ్ళు, బైపీసీ ఉండాల్సిందే, ఫిజిక్స్ కెమిస్ట్రీ బయాలజీలో 45 శాతం (ఎస్సీ ఎస్టీలకి 40) రావాలి, ఇంగ్లీష్ పాసయ్యుండాలి. ఈఏపీసెట్ లో బైపీసీ వాళ్ళు రాసే పేపర్ దీనికి కూడా పనికొస్తాది, కౌన్సెలింగ్ విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ వాళ్ళు చేస్తారు. తిరుపతిలోని స్విమ్స్ (శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ) సొంత యూనివర్సిటీ కాబట్టి దాని నోటిఫికేషన్ విడిగా చూసుకోవాలి, చాలామంది ఇక్కడే మిస్ అయిపోతారు, విజయవాడ కౌన్సెలింగ్ కోసమే చూసుకుంటా ఉంటారు.

వార్డులో నిలబడితే జీఎన్ఎం సిస్టర్ కి బీఎస్సీ సిస్టర్ కి తేడా పేషెంట్ కి తెలీదు. ఐవీ లైన్ పెట్టేది ఇద్దరూ పెడతారు, మందులు ఇచ్చేది ఇద్దరూ ఇస్తారు, రిజిస్ట్రేషన్ కూడా ఇద్దరికీ ఆర్ఎన్ ఆర్ఎం (రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) అనే వస్తాది. మొదటి జీతంలో కూడా ప్రైవేట్ లో పెద్ద తేడా ఉండదు. అందుకే "రెండూ ఒకటే కదా, మూడేళ్ళలో అయిపోయేది తీసుకుందాం" అంటారు పెద్దోళ్ళు. తేడా వచ్చేది ఐదారేళ్ళ తర్వాత. ఎమ్మెస్సీ చేయాలంటే బీఎస్సీ ఉండాలి. కాలేజీలో ట్యూటర్ గా పోవాలన్నా అంతే. మన రాష్ట్రంలో విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులు వచ్చినాయి చూడండి, నెలకి 25 వేలు, పైన ఇన్సెంటివ్ వేరే, అవి బీఎస్సీ నర్సింగ్ వాళ్ళకే ఇచ్చారు, ఎన్నో ఏళ్ళ అనుభవం ఉండే జీఎన్ఎం అక్కలు అప్లై చేసేదానికి కూడా లేకుండా పోయింది. ఎయిమ్స్ పరీక్షకి బీఎస్సీ వాళ్ళు పాసై రిజిస్ట్రేషన్ రాగానే రాసుకోవచ్చు, జీఎన్ఎం వాళ్ళకి రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ కావాలి, అది కూడా కనీసం 50 బెడ్ల హాస్పిటల్లో.

జీఎన్ఎం తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసుకోవచ్చు కదా అంటారు. చేసుకోవచ్చు, రెండేళ్ళు. అంటే మూడు ప్లస్ రెండు, మొత్తం ఐదేళ్ళు, ఇది నాలుగేళ్ళ బీఎస్సీ కంటే ఒక ఏడాది ఎక్కువ. పైగా మధ్యలో ఉద్యోగంలో చేరి జీతం చేతికి వచ్చినాక, ఇంట్లో చెల్లెలి చదువో అప్పో ఏదో ఒకటి ఉంటాది, మళ్ళీ రెండేళ్ళు కాలేజీకి పోయేది అందరి వల్లా కాదు. ఉద్యోగం మానలేని వాళ్ళకి ఇగ్నోలో పోస్ట్ బేసిక్ ఉంది, మూడేళ్ళు, కొన్నేళ్ళ సర్వీసు ఉండాలి.

అయితే జీఎన్ఎం వద్దా అంటే, అట్ల కాదు. మూడు రకాల వాళ్ళకి నేను జీఎన్ఎం అనే చెప్తా. ఇంటర్ లో సీఈసీనో ఎంపీసీనో చదివి నర్సింగ్ లోకి రావాలనుకునే వాళ్ళకి, స్టాఫ్ నర్సు అయ్యేదానికి వాళ్ళకి వేరే దారి లేదు. బీఎస్సీ కన్వీనర్ సీటు రాక మేనేజ్‌మెంట్ సీటుకి అప్పు చేయాల్సిన ఇళ్ళకి. ఇంకోటి, మంచి హాస్పిటల్ ఉన్న జీఎన్ఎం స్కూల్లో సీటు ఒకవైపు, హాస్పిటలే లేని బీఎస్సీ కాలేజీలో సీటు ఒకవైపు ఉంటే, జీఎన్ఎం. ఈ మూడోది చెప్తే చాలామంది నన్ను ఎగాదిగా చూస్తారు, డిగ్రీ వదిలేసి డిప్లొమానా అని. దాని గురించి కింద చెప్తా.

జీఎన్ఎం తీసేస్తారంట కదా అని కూడా అడగతారు. 2019 లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అట్లాంటి ఆలోచన బయటపెట్టిన మాట నిజమే, కానీ కోర్సు ఆగలేదు, ఇప్పటికీ నడుస్తా ఉంది. 2023 లో కొత్త నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది, 1947 నాటి పాత కౌన్సిల్ చట్టం స్థానంలో. ఆ పుకారు చూసి జీఎన్ఎం మానేయబాకండి, మానేయాలంటే వేరే కారణాలు ఉండాయి.

ఇప్పుడు కాలేజీ. నర్సింగ్ కాలేజీకి బిల్డింగ్ కంటే హాస్పిటల్ ముఖ్యం. ఏసీ క్లాస్‌రూమ్, ల్యాబ్ లో విదేశీ బొమ్మ మనిషి, బస్సు, యూనిఫామ్ ఇవన్నీ చూపిస్తారు, చూడండి కానీ వాటికి పడిపోవద్దు. నర్సింగ్ అనేది పేషెంట్ పక్కన నిలబడి నేర్చుకునే పని. కౌన్సిల్ రూల్ ప్రకారం బీఎస్సీ కాలేజీకి సొంతంగా 100 బెడ్ల పేరెంట్ హాస్పిటల్ ఉండాలి, ఒక్కో స్టూడెంట్ కి కనీసం ముగ్గురు పేషెంట్లు లెక్క పడాలి. పేపర్ మీద అందరికీ ఉంటాది. అసలు ఉందా లేదా తెలుసుకోవాలంటే అడ్మిషన్ ఆఫీసులో కూర్చోవద్దు, ఆ కాలేజీ థర్డ్ ఇయర్ అమ్మాయిల్ని ఇద్దర్ని బయట టీ కొట్టు దగ్గరో బస్టాపులోనో పట్టుకోండి. డెలివరీ కేసులు నువ్వే చేతితో ఎన్ని తీశావు, చూసిందెన్ని అని అడగండి. ఐసీయూ పోస్టింగ్ ఎన్ని వారాలు వేశారు, కేస్ రికార్డులు వార్డులో రాశారా హాస్టల్ గదిలో సీనియర్ల బుక్కు చూసి రాశారా అని అడగండి. ఆ పిల్ల నవ్వి ఊరుకుంటే మీకు సమాధానం వచ్చేసినట్టే.

తిరుపతిలో చదివేదానికి ఉండే బలం ఇదే. రుయా ఉంది, ఎస్వీ మెడికల్ కాలేజీ హాస్పిటల్, జిల్లా నలుమూలల నుంచీ కేసులు అక్కడికే వస్తాయి, యాక్సిడెంట్లు, పాము కాట్లు, కాలిన కేసులు, పురుగుల మందు తాగిన కేసులు. క్యాజువాలిటీలో ఒక నెల నిలబడిన స్టూడెంట్ కి చేతి వణుకు పోతాది. కాన్పులకి ప్రభుత్వ మెటర్నిటీ హాస్పిటల్ ఉంది. స్విమ్స్ లో గుండె, కిడ్నీ, న్యూరో సూపర్ స్పెషాలిటీ కేసులు. టీటీడీ బర్డ్ లో ఎముకల ఆపరేషన్లు, 2021 లో మొదలైన పద్మావతి చిన్నపిల్లల గుండె హాస్పిటల్ కూడా ఇక్కడే. ఇన్ని రకాల వార్డులు ఒకే ఊర్లో, ఆటో దూరంలో ఉండేది మామూలు విషయం కాదు. కాబట్టి తిరుపతిలో ప్రైవేట్ కాలేజీ చూసేటప్పుడు అడగాల్సింది ఒకటే, మీ పిల్లలకి క్లినికల్ పోస్టింగ్ యాడ, ఎన్ని నెలలు, పర్మిషన్ ఉత్తర్వు ఉందా. ఆ మాట కాగితం మీద చూపించమనండి.

చిత్తూరు వైపు వాళ్ళకి మురకంబట్టు దగ్గర అపోలో మెడికల్ కాలేజీ, జిల్లా హాస్పిటల్, కుప్పం వాళ్ళకి పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉండాయి. ఇంక మా చిత్తూరోళ్ళకి అన్నిటికంటే దగ్గర కలల ఊరు వేలూరే, బస్సెక్కితే గంటా గంటన్నర. అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) నర్సింగ్ పేరు గురించి నేను చెప్పక్కర్లేదు, 1946 లోనే డిగ్రీ కోర్సు మొదలుపెట్టిన చోటు అది. కానీ సీట్లలో చాలా భాగం చర్చి స్పాన్సర్‌షిప్ ఉండేవాళ్ళకి పోతాయి, సొంత సెలెక్షన్, అప్లికేషన్ టైమ్ కూడా వేరే. ట్రై చేయండి, కానీ దాని మీదే కూర్చొని ఈఏపీసెట్ వదిలేయొద్దు. చదివేదానికి రాకపోయినా పని చేసేదానికి వేలూరు మన వాళ్ళకి బాగా పనికొస్తాది, గుడిపాల దగ్గర సీఎంసీ చిత్తూరు క్యాంపస్ కూడా ఉంది. అరవం మాట్లాడేది చిత్తూరు, నగరి, పుత్తూరు పిల్లలకి ఎట్లాగూ వచ్చు, చెన్నై వేలూరు హాస్పిటల్స్ లో అది నిజంగా ప్లస్ పాయింట్.

బెంగళూరు సంగతికి వద్దాం. అక్కడ మంచి కాలేజీలు లేవని నేను అనను, చాలా మంచివి ఉండాయి. నా గొడవంతా మధ్యలో వచ్చే ఏజెంట్ తోనే. పలమనేరు, మదనపల్లె, పీలేరు వైపు ప్రతి ఊర్లో ఒకాయన ఉంటాడు, సీటుకి ఇంత అని కాలేజీ దగ్గర కమీషన్ తీసుకుంటాడు, ఇంటికొచ్చి మాత్రం "ఫ్రీ సర్వీస్ అమ్మా" అంటాడు. బెంగళూరు, కోలారు, తుముకూరు ఏదైనా సరే కట్టే ముందు నాలుగు చూసుకోండి. ఒకటి, ఆ కాలేజీ పేరు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్ లిస్టులో ఈ ఏడాదికి ఉందా, కర్ణాటకలో కొన్ని కాలేజీలకి రాష్ట్ర కౌన్సిల్, యూనివర్సిటీ అనుమతి ఉంటాది కానీ ఆ లిస్టులో పేరుండదు, తర్వాత వేరే రాష్ట్రంలోనో విదేశంలోనో ఇదే పీకల మీదకి వస్తాది. రెండు, మన ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడికి రాదు, ఇక్కడ కన్వీనర్ సీటులో అది వస్తాది, మేనేజ్‌మెంట్ సీటుకి రాదు, ఈ లెక్క వేసుకోకుండా "అక్కడ ఫీజు తక్కువ" అనొద్దు. మూడు, చదువైనాక రిజిస్ట్రేషన్ కర్ణాటక కౌన్సిల్ లో అవుతాది, ఇక్కడ గవర్నమెంట్ పోస్టుకి అప్లై చేయాలంటే ఆంధ్ర కౌన్సిల్ కి మార్చుకోవాలి, వెరిఫికేషన్ కాగితాలు తిరిగేదానికి నెలలు పడతాది, నోటిఫికేషన్ పడినాక పరిగెత్తితే అయ్యే పని కాదు. నాలుగు, ఫస్ట్ ఇయర్ ఫీజు కాదు, నాలుగేళ్ళదీ కలిపి, హాస్టల్, యూనిఫామ్, ఎగ్జామ్, "క్లినికల్ ఫీజు" అన్నీ రాసిచ్చిన కాగితం తీసుకోండి. రాసివ్వకపోతే ఆ సీటు వద్దు.

"హాజరు అక్కర్లేదు, పరీక్షలకి వస్తే చాలు" అని చెప్పే కాలేజీలు ఉంటాయి. ఇంట్లో ఉండి నర్సు అయిపోయేది ఎట్లాగో నాకైతే అర్థం కాదు. ఆ సర్టిఫికెట్ తో వార్డులోకి వచ్చిన పిల్లలు మొదటి వారమే ఏడ్చుకుంటా ఉంటారు, పాపం వాళ్ళ తప్పు కూడా కాదు.

చదువు అయిపోయినాక ఎటు పోవాలి అనేది ఇంకో పెద్ద గందరగోళం. ప్రైవేట్, స్టేట్ గవర్నమెంట్, ఎయిమ్స్, విదేశం, ఈ నాలుగూ ఒకేసారి కావాలంటారు, ఒక్కోదానికి ఇప్పటి నుంచే చేయాల్సిన పని వేరే.

స్టేట్ లో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు నోటిఫికేషన్లు చూస్తే ఎక్కువగా రాత పరీక్ష ఉండదు. కోర్సు మార్కులకి 75 శాతం వెయిటేజీ, పాసై ఎన్నేళ్ళయింది అనేదానికి 10 వరకు, ప్రభుత్వంలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ చేసిన సర్వీసుకి 15 వరకు, అట్లా లెక్క ఉంటాది. అంటే ఈ రోజు సెకండియర్ లో ఉండే పిల్ల తెచ్చుకునే మార్కు రేపు రాయలసీమ జోన్ మెరిట్ లిస్టులో పనిచేస్తాది. "పాసైతే చాలు" అనేది ఈ కోర్సులో నడవదు.

నార్‌సెట్, అంటే ఎయిమ్స్ వాళ్ళు 2020 నుంచి పెడతా ఉండే పరీక్ష, మంగళగిరి ఎయిమ్స్ తో సహా దేశంలో ఎయిమ్స్ లన్నిటికీ ఇదే. జీతం కేంద్ర పే స్కేల్ లో లెవెల్ 7, బేసిక్ 44,900, అలవెన్సులు వేరే. వయసు 30 వరకు, ఓబీసీ, ఎస్సీ ఎస్టీలకి సడలింపు. ఇందులో 80 శాతం ఆడవాళ్ళకి, 20 శాతం మగవాళ్ళకి. తప్పు జవాబుకి మూడో వంతు మార్కు కోత. ఇంగ్లీష్ లో నర్సింగ్ ఫండమెంటల్స్ గట్టిగా ఉంటే తెలుగు మీడియం పిల్లలు కూడా కొడతా ఉండారు, దాని కోసం ఢిల్లీ, జైపూర్ కోచింగ్ కి పోనక్కర్లేదు, ఫైనల్ ఇయర్ నుంచే రోజుకి కొన్ని ప్రశ్నలు చేసుకుంటే చాలు. జీఎన్ఎం వాళ్ళకి మళ్ళీ చెప్తా, 50 బెడ్లకి తగ్గిన చోట ఎన్నేళ్ళు చేసినా ఈ పరీక్షకి ఆ అనుభవం లెక్కలోకి రాదు. ఇంటి పక్కనే ఉంది కదా అని పది పడకల క్లినిక్ లో చేరే ముందు ఇది గుర్తు పెట్టుకోండి. అపాయింట్‌మెంట్ ఆర్డర్, జీతం బ్యాంకులో పడిన స్టేట్‌మెంట్, రిలీవింగ్ లెటర్, ఈ మూడూ జాగ్రత్త. చేతికి క్యాష్ ఇచ్చే చోట ఎక్స్‌పీరియన్స్ నిరూపించుకోవడం కష్టం.

ప్రైవేట్ జీతాల గురించి చెప్పాలంటే కోపం వస్తాది. 2016 లో సుప్రీంకోర్టు మాట మీద కేంద్రం వేసిన కమిటీ, 50 బెడ్ల లోపు హాస్పిటల్లో కూడా నర్సుకి నెలకి 20 వేలకి తగ్గకూడదు, 200 బెడ్లు దాటితే గవర్నమెంట్ నర్సుతో సమానంగా ఇవ్వాలి అని సిఫార్సు చేసింది. మన ఊర్లలో ఇంకా పది పన్నెండు వేలకి ఇంటర్వ్యూలు చేస్తా ఉండారు. కాబట్టి ఫ్రెషర్ కి నా సలహా, మొదటి రెండేళ్ళు జీతం కంటే యూనిట్ చూసుకోండి. రెండు చోట్లా జీతం దగ్గర దగ్గరగా ఉంటే జనరల్ వార్డు కంటే ఐసీయూ, ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ), డయాలసిస్, ఓటీ (ఆపరేషన్ థియేటర్), క్యాథ్ ల్యాబ్ (గుండెకి స్టెంట్లు వేసే చోటు) దొరికే చోటికి పోండి. చెన్నై, బెంగళూరు కార్పొరేట్ లో హాస్టల్ ఇస్తే తిరుపతి కంటే చేతిలో మిగిలేది ఎక్కువే ఉంటాది, నేర్చుకునేది కూడా.

విదేశం అంటే మన వైపు కువైట్, సౌదీ, దుబాయ్ ముందు గుర్తొస్తాయి. అక్కడ జీఎన్ఎం కూడా నడుస్తాది, కానీ రెండేళ్ళ అనుభవం, లైసెన్స్ పరీక్ష, సర్టిఫికెట్లు నిజమైనవేనా అని డేటాఫ్లో అనే కంపెనీ చేసే వెరిఫికేషన్ మామూలుగా అడగతారు. ఈసీఆర్ దేశాలకి (పోయే ముందు మన ప్రభుత్వ క్లియరెన్స్ కావాల్సిన గల్ఫ్ లాంటి దేశాలకి) నర్సుల రిక్రూట్‌మెంట్ మీద 2015 నుంచి కేంద్రం కట్టడి పెట్టింది, మన రాష్ట్రానికి ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, ముందు అక్కడ కనుక్కోండి. రిజిస్టర్డ్ ఏజెంట్ అయినా 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకునేదానికి రూల్ లేదు. మూడు లక్షలు ఇమ్మనే వాడి దగ్గర లైసెన్స్ నంబర్ అడిగి కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్ లో చూడండి. యూకేకి ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ, తర్వాత సీబీటీ (కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష), అక్కడికి పోయి ఓస్కీ (చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష). 2024 నుంచి అక్కడ బయటి వాళ్ళని తీసుకునేది తగ్గింది. జర్మనీకి ఇంగ్లీష్ తో పని లేదు, జర్మన్ బీ2 వరకు రావాలి, అంటే ఏడాది గట్టిగా చదవాలి. అమెరికాకి ఎన్‌క్లెక్స్, అంటే అక్కడి నర్సు లైసెన్స్ పరీక్ష, అది పాసవడం ఒక ఎత్తు, వీసా క్యూ ఇంకో ఎత్తు, అక్కడికి పోవాలనే ఉంటే బీఎస్సీ అయితే పేపర్ వర్క్ లో తలనొప్పి తక్కువ.

ఎమ్మెస్సీ ఎప్పుడు చేయాలి అంటే, టీచింగ్ ఇష్టమైతేనే. బీఎస్సీ తర్వాత కనీసం ఒక ఏడాది అనుభవం, 55 శాతం మార్కులు అడగతారు. వార్డులోనే ఉండాలనుకునే వాళ్ళు ఎమ్మెస్సీ కంటే ఒక ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా, క్రిటికల్ కేర్ లోనో ఆంకాలజీలోనో చేసుకుంటే ఎక్కువ ఉపయోగం అని నా అభిప్రాయం.

మగపిల్లలు కూడా బాగా అడగతా ఉండారు ఈ మధ్య. చేరండి, సిగ్గు పడేదేం లేదు. కాకపోతే మీకు దారులు కొంచెం తక్కువ, ఏఎన్ఎం లేదు, మిలిటరీ నర్సింగ్ బీఎస్సీ ఆడపిల్లలకే, ఎయిమ్స్ లో 20 శాతం. అందుకే మగపిల్లలకి నేను జీఎన్ఎం కంటే బీఎస్సీనే గట్టిగా చెప్తా, ఐసీయూ, ఎమర్జెన్సీ, డయాలసిస్, అంబులెన్స్ వైపు అయితే మిమ్మల్ని వెతుక్కుంటా వస్తారు.

ఇంకోటి మర్చిపోయినా. కాలేజీలో గానీ మొదటి ఉద్యోగంలో గానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటాం, బాండ్ రాయండి అంటారు. చేరేటప్పుడు వెరిఫికేషన్ కి చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ మాత్రం వెనక్కి తెచ్చుకోండి. లేదు, కావాల్సిందే అంటే, ఏయే సర్టిఫికెట్లు తీసుకున్నారో, ఎప్పుడు ఇస్తారో లెటర్ హెడ్ మీద సంతకం, సీలుతో రాయించుకోండి. తెలిసిన ఒక అమ్మాయికి ఎయిమ్స్ లో ర్యాంకు వచ్చింది, డాక్యుమెంట్ వెరిఫికేషన్ రోజుకి టెన్త్ మెమో ఇంకా పాత హాస్పిటల్ బీరువాలోనే ఉంది, వాళ్ళ నాయన పోయి మూడు నెలల జీతం కట్టి విడిపించుకొచ్చినాడు.